పాత పి.ఎఫ్. సొమ్ము – అడిగి తెచ్చుకోవలసిన హక్కు

(సంగం జాగర్లమూడి పాల ఉత్పత్తిదారుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాలు పోసిన సభ్యురాలు వెన్న శాతం చీటీ చూసుకోనిదే కేంద్రం దాటదు. రూపాయి తేడా వచ్చినా కార్యదర్శిని నిలబెట్టి అడుగుతుంది. అడగవలసిందే. కాని అదే ఇంటి పెద్ద ఒకప్పుడు ఇక్కడ రైలెక్కి గుంటూరు మిల్లుకో, పొగాకు కంపెనీకో వెళ్లి పనిచేసినప్పుడు నెలనెలా జీతంలో కోసిన ప్రావిడెంట్ ఫండు ఏమైందో అడిగేవారు లేరు.

కంపెనీ మూతపడితే సొమ్ము పోయిందనుకోవడం పొరపాటు. కట్టిన సొమ్ము పి.ఎఫ్. కార్యాలయం లెక్కలో ఉంటుంది. అయితే ఆలస్యం వలన నష్టం ఉంది. 55 ఏళ్లు నిండి ఉద్యోగ విరమణ చేసినవారు 36 నెలలలో అడగకపోతే వడ్డీ ఆగుతుంది. ఆపైన ఏడేళ్లు ఎవరూ అడగని సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి పోతుంది. అక్కడి నుండి 25 ఏళ్లలోగా అడగవచ్చు. ఆ తర్వాత అది ప్రభుత్వపరం.

రెండవది పెన్షను. ఈ పథకం 1995 నవంబరు 16 నుండి అమలులో ఉంది. పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్లకు పెన్షను హక్కు వస్తుంది. పి.ఎఫ్. తీసేసుకున్నాం గదా అని పెన్షను మరచినవారు ఉంటారు, రెండూ వేరు. సర్వీసులో ఉండగా మరణిస్తే, ఒక్క నెల చందా జమ అయి ఉన్నా భార్యకు పెన్షను హక్కు ఉంది. వితంతువులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక చేయవలసిన పని. ట్రంకుపెట్టెలో పాత జీతం చీటీలు, పి.ఎఫ్. స్లిప్పులు, గుర్తింపు కార్డు వెతకండి. వాటిపై కంపెనీ కోడు, మీ నంబరు ఉంటాయి. దొరకకపోతే కలిసి పనిచేసినవారి స్లిప్పు చూడండి. కంపెనీ కోడు ఒకటే. పి.ఎఫ్. సొమ్ముకు ఫారం 19, పెన్షనుకు 10డి, సభ్యుడు మరణిస్తే పి.ఎఫ్. కొరకు వారసులకు ఫారం 20. యజమాని సంతకం దొరకనప్పుడు గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు వంటివారి ధ్రువీకరణ పనికివస్తుంది.

చిక్కు ఎక్కువగా పేరు దగ్గర వస్తుంది. మిల్లు రికార్డులో పుట్టింటి పేరు, ఆధారులో అత్తింటి పేరు ఉంటాయి. పుట్టిన తేదీ కూడా అంతే. ముందు వాటిని సరిచేయించుకోండి. 2023 జనవరి నుండి ప్రతి నెలా 27న పి.ఎఫ్. శాఖ జిల్లాలలో సమావేశాలు పెడుతున్నది, అక్కడ అడగవచ్చు.

బ్యాంకులో పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. అయినా మీ బ్యాంకునే అడిగి పొందవచ్చు. వెతకడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటు వచ్చింది.

దళారులకు సంతకం చేసిన కాగితాలు, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. ఇవ్వకండి. ఈ దరఖాస్తుకు రుసుము లేదు.

కార్యదర్శులకు నా మనవి: పాల బిల్లు ఇచ్చే రోజున ఒక పుస్తకం పెట్టి, ఇంటింటా ఎవరు ఏ కంపెనీలో, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు పనిచేశారో రాయించండి. ఒకే కంపెనీ వారు కలిసి వెళితే ఒకరి కాగితం మరొకరికి ఆధారమవుతుంది. సహకారం పాలకే పరిమితం కాదు.