జ్వరం వదిలినా వదలని అలసట

1955 జూలై 13న లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక వార్డు సిస్టరు జబ్బుపడ్డారు. రెండు వారాలు గడిచేసరికి డెబ్బైమందికి పైగా సిబ్బంది మంచం పట్టారు. జూలై 25న ఆసుపత్రి తలుపులు మూశారు. తిరిగి తెరిచింది అక్టోబరు 5న. నవంబరు చివరి వారానికి జబ్బుపడిన సిబ్బంది 292 మందికి చేరారు. వాళ్లలో 255 మందిని చేర్చుకుని వైద్యం చేయాల్సి వచ్చింది. అప్పటికే వార్డుల్లో పడకల మీదున్న రోగుల్లో మాత్రం ఇది సోకింది 12 మందికే. గొంతునొప్పి, తలనొప్పి, గ్రంథుల వాపు, కళ్లు తిరగడం, కండరాల నొప్పులు, స్వల్పంగా జ్వరం ఉండేవి. ఏ వైరస్సూ దొరకలేదు.

ఆ ఆసుపత్రిలో అంటువ్యాధుల వైద్యుడు మెల్విన్ రామ్సే. 1990లో కన్నుమూసేదాకా ఆయన ఈ జబ్బును, ఈ రోగులను పట్టించుకుంటూనే ఉన్నారు. ఈ ఉపన్యాసం ఆయన స్మృతికి అంకితం. రామ్సే గమనించిన ముఖ్య లక్షణం ఒకటుంది. ఈ రోగి కొద్దిపాటి శ్రమ చేసినా, కండరాల్లో మునుపటి సత్తువ రావడానికి మూడు రోజులో, అంతకు మించో పడుతుంది. రాత్రి నిద్రపోతే తీరిపోయే బడలిక కాదిది. అమెరికా వైద్య సంస్థ 2015లో ఈ జబ్బును నిర్వచించినప్పుడు, శ్రమ తర్వాత ఇలా కుంగిపోవడాన్ని తప్పనిసరి లక్షణంగా పెట్టింది.

మధ్యలో చాలా అన్యాయం జరిగింది. 1970లో మెకెవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు రాయల్ ఫ్రీ ఉదంతం సామూహిక హిస్టీరియా అని ప్రకటించారు. ఒక్క రోగినీ పరీక్షించకుండా, పాత కేసు కాగితాలు చదివి చేసిన నిర్ణయం అది. జబ్బుపడిన వాళ్లలో స్త్రీలు ఎక్కువన్నది వాళ్ల వాదనలో ఒక ఆధారం! ఆసుపత్రి సిబ్బందిలో నర్సులే ఎక్కువైనప్పుడు ఇంకెవరు ఎక్కువగా జబ్బుపడతారు? ఆ ముద్ర మాత్రం కొన్ని తరాల రోగులను వెంటాడింది.

ఇలాంటి వెల్లువ అంతకుముందూ వచ్చింది. 1934లో, పోలియో ప్రబలిన రోజుల్లో, లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రిలో సుమారు 200 మంది సిబ్బంది ఇలాగే కూలబడ్డారు. 1948–49లో ఐస్‌లాండ్‌లోని అకురేరి పట్టణంలో దాదాపు 500 మందికి వచ్చింది. రెండు చోట్లా మొదట పోలియోనే అనుమానించారు.

1984–85లో అమెరికాలోని నెవాడాలో, తాహో సరస్సు ఒడ్డున ఉన్న ఇన్‌క్లైన్ విలేజ్‌లో అనేకమంది జబ్బుపడినప్పుడు అనుమానం ఎప్‌స్టీన్-బార్ వైరస్ మీదికి మళ్లింది. ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్ల ఒంట్లో ఉండే వైరస్ అది. అందరిలోనూ ఉన్నదాన్ని పట్టుకుని కొందరి జబ్బుకు కారణం ఇదేనని తేల్చడం ఎలా? 1988లో ఈ జబ్బుకు ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు గానీ, కారణం తేలలేదు. 2009లో ఇంకో ఆశ మొలిచింది. 101 మంది రోగుల్లో 67 శాతం మందిలో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే రెట్రోవైరస్ కనిపించిందని ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. అది ప్రయోగశాలలో నమూనాలు కలుషితం కావడం వల్ల వచ్చిన ఫలితమని తేలి, 2011 డిసెంబరులో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మందు దొరుకుతుందని ఎదురుచూసిన రోగుల ఆశ దాంతోనే పోయింది.

ఏళ్ల తరబడి మంచాన ఉన్నవాళ్ల నెత్తుటిలో ఒకే ఒక దోషి కోసం వెతకడం ఈ పరిశోధనలో జరిగిన పెద్ద పొరపాటు. లెక్క జ్వరం వచ్చిన రోజు నుంచే మొదలుకావాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు డబ్బో ఊళ్లో పరిశోధకులు ఆ పనే చేశారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్, దోమలు తెచ్చే రాస్ రివర్ వైరస్, పశువుల నుంచి సోకే క్యూ ఫీవర్ బ్యాక్టీరియా, ఈ మూడింటిలో ఏదో ఒకటి సోకిన 253 మందిని మొదటి నుంచీ వెంటపడి చూశారు. ఆరు నెలల తర్వాత సుమారు 12 శాతం మంది ఇంకా ఆ అలసటలోనే ఉన్నారు. మూడు క్రిములు వేర్వేరైనా ఫలితం దాదాపు ఒకటే. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం మరో మాట కూడా చెప్పింది: ఎవరు కోలుకోరన్నది మొదటి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్న దాన్ని బట్టే ఉంది, వాళ్ల వయసునో మనస్తత్వాన్నో బట్టి లేదు. హిస్టీరియా వాదానికి ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

కారణం వైరస్సో బ్యాక్టీరియానో కానక్కర్లేదని నార్వేలోని బెర్గెన్ నగరం చూపించింది. 2004లో అక్కడి తాగునీటిలో జియార్డియా అనే పేగు పరాన్నజీవి చేరింది. మూడేళ్ల తర్వాత అడిగితే, అది సోకినవాళ్లలో 46 శాతం మంది తీరని అలసట ఉందన్నారు. సోకనివాళ్లలో ఆ మాట అన్నది 12 శాతమే. అదే దేశంలో 2009 నాటి స్వైన్‌ఫ్లూ సోకినవాళ్లలో ఈ జబ్బు ముప్పు సుమారు రెట్టింపైంది. ఆ ఫ్లూకు వేసిన టీకాతో మాత్రం ముప్పు పెరగలేదు.

ఇక క్రిమి లేని కారణాలు. 1990–91 గల్ఫ్ యుద్ధానికి వెళ్లిన దాదాపు 7 లక్షల అమెరికా సైనికుల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా అలసట, మతిమరుపు, నొప్పులతో మిగిలారు. దీన్ని విడిగా గల్ఫ్ యుద్ధ వ్యాధి అంటారు, లక్షణాలు మాత్రం బాగా కలుస్తాయి. 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమీసియా ఆయుధ డిపోను పేల్చేసినప్పుడు అందులో సారిన్ విషం నింపిన రాకెట్లున్నాయి. సైనికులు వాడిన పురుగుమందులూ, విషవాయువు నుంచి కాపాడుతాయని మింగిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలూ అనుమానితాలే. సారిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే పాన్-1 జన్యువు బలహీన రూపంలో ఉన్నవాళ్లకు, విషవాయువు సైరన్లు విన్నచోట ముప్పు చాలా ఎక్కువైందని 2022లో తేలింది. సారిన్ ఆర్గానోఫాస్ఫేట్ జాతి విషం. మన పత్తి, మిరప చేలలో చల్లుతూ వచ్చిన క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్‌లదీ ఆ జాతే.

తెలుగునాడుకు ఇంకో సంబంధమూ ఉంది. 2006లో దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత చికున్‌గున్యా కేసులు నమోదయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఒకటి. డబ్బోలో చూసిన రాస్ రివర్ వైరస్, చికున్‌గున్యా వైరస్ ఒకే ఆల్ఫావైరస్ ప్రజాతికి చెందినవి. కీళ్లు పట్టేసి, నెలల తరబడి వంగలేక లేవలేక బాధపడినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. ఇప్పుడు కొవిడ్ లెక్కా వచ్చింది. అమెరికాలోని రికవర్ అధ్యయనంలో కొవిడ్ సోకినవాళ్లలో నూటికి నాలుగున్నర మందిలో ఈ జబ్బు నిర్వచనానికి సరిపోయే లక్షణాలున్నాయి. సోకనివాళ్లలో 0.6 శాతం మందిలోనే.

అందుచేత డెంగీ, చికున్‌గున్యా, కొవిడ్ రోగులను ఇంటికి పంపే రోజునే ఆరు నెలల తర్వాతి తారీఖు ఒకటి చీటీ మీద రాసివ్వాలి. ఆ రోజు అడగాల్సినవి మూడే: పాత పని పూర్తిగా చేయలేకపోతున్నారా? కాస్త శ్రమపడితే మర్నాడు, ఆ మర్నాడు ఒళ్లు కుంగిపోతోందా? నిద్రపోయి లేచినా సత్తువ రావడం లేదా? అవునన్న రోగిని నడకలు, వ్యాయామాలు పెంచుకుంటూ పొమ్మనకూడదు. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో ఆ సలహాను ఈ జబ్బుకు చికిత్సగా తీసేసింది. ఉన్న ఓపికకు లోబడి పని చేయడమే అది ఇప్పుడు చెబుతున్న పద్ధతి.