ఇంటివారు మంచమెక్కిన నాడు

(దువ్వాడయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



మమ్ము ఈ వేదికపై మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు వారు సూచించిన విషయము గృహిణీధర్మము. దానినిగూర్చి మాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ సభలో ననేకులు కలరు. మాకు తెలిసినది వేరొకటి. ఇంట సంపాదించు మనిషి పని చేయలేని స్థితికి వచ్చినపుడు ఆ యింటి డబ్బు ఏమగును, దానిని ఎట్లు నిలుపుకొనవలెను అనునదే చెప్పుదుమని వారికి మనవి చేసికొంటిమి. ఇది సభలలో చెప్పుకొను సంగతి కాదని యొకరిద్దరు ఆక్షేపించిరి. సభలలో చెప్పుకొనకపోవుటచేతనే ప్రతి కుటుంబమును ఈ పాఠమును మొదటినుండి, తన ఖర్చుతో, నేర్చుకొనవలసి వచ్చుచున్నది.

మనము పంచవృత్తులవారము. కమ్మరము, వడ్రంగము, కంచరిపని, శిల్పము, స్వర్ణకారము, ఈ యైదింటికిని మూలధనము చేయియు కన్నును. పొలము గలవాడు మంచమెక్కినను కౌలుగింజలు ఇల్లు చేరును. మన చేయి పడిపోయిననాడు కుంపటియు నారిపోవును. ఈ దువ్వాడ, కూర్మన్నపాలెము, గాజువాక ప్రాంతములలో మన స్థితి మరికొంత చిక్కైనది. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధిగారు ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన పిదప ఇచ్చట ఊళ్లకు ఊళ్లే లేచిపోయినవి. నాగళ్లు చెక్కిన వడ్రంగికిని కఱ్ఱులు సాగగొట్టిన కమ్మరికిని భూమితోడనే గిరాకీ పోయినది. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు చేత పట్టుకొని ఉద్యోగమునకై ఎదురుచూచుచు తల నెరసినవారు మనలోను గలరు. వారి బిడ్డలు నేడు గుత్తదారుల క్రింద వెల్డింగు, ఫిట్టింగు పనులు చేయుచున్నారు. ఉదయము దువ్వాడ స్టేషనులో దిగు జనమును చూచినవారికి ఆ సంచులలోని పనిముట్లు చూడకయే గుర్తు తెలియును.

మా సంగతి ముందు చెప్పెదము. మావారు బంగారుపని చేయువారు. కూర్మన్నపాలెములో చిన్న దుకాణము అద్దెకు తీసికొని ఇరువదియేండ్లు కుంపటి ముందు కూర్చుండిరి. 2018వ సంవత్సరము కార్తికమాసములో నొక సాయంకాలము ఊదుగొట్టము వారి చేతినుండి జారినది. కుడిచేయి, కుడికాలు, మాట మూడును ఒక్క గడియలో పోయినవి. ఆటోలో నొక పెద్ద ఆసుపత్రికి కొనిపోయితిమి. తెల్లకార్డు మా సంచిలోనే యున్నది. ఆ చల్లని గదిలో దానిని పైకి తీసి, "దీనిపై వైద్యము జరుగునా?" అని యడుగుటకు మాకు సిగ్గు కలిగినది. మేనల్లుడు అడుగబోగా మేమే వారించితిమి. అడిగినచో అవుననియో కాదనియో చెప్పెడువారు. అడుగుటకు రుసుము లేదు. పదునొకండు దినములకు మేము చెల్లించినది 1,80,000 రూపాయలు. అది నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము. అనగా, మావారు మంచముపై నుండగా నెలకు 5,400 రూపాయలు గుమ్మము దాటి పోవుచుండెను.

రెండవ తప్పు దుకాణము. నెలకు 4,000 రూపాయల అద్దె. వైద్యులు ఆ చేతికి సన్నపని మరల రాదని మూడవ నెలలోనే చెప్పిరి. అయినను తాళము వేసి, అద్దె కట్టుచు, పదునొకండు నెలలు ఉంచితిమి. బోర్డు దించినచో వారి ప్రాణము క్రుంగునని మేము తలచితిమి. అద్దె కట్టలేమని చెప్పినచో మా ప్రాణము క్రుంగునని వారు తలచిరి. ఒకరినొకరు అడుగలేదు. ఆ మౌనము ఖరీదు 44,000 రూపాయలు. ఇల్లు ఇట్టి స్థితికి వచ్చినపుడు మొదటి మాసములోనే కూర్చుండి, తిరిగి రాని దేది, వచ్చున దేది యని మాటలాడుకొనవలెను. ఆ మాట కఠినమే. మాకు దానికంటె అద్దె కఠినమైనది.

ఇక నగలు. ఏడు తులముల బంగారము మావద్ద నుండెను. అందులో చంద్రహారము మావారు మా వివాహమునకు స్వయముగా చేసినది. తాకట్టు పెట్టుమని యందరును చెప్పిరి. అమ్మిన ఇల్లాలికి పరువు లేదట! మనము బంగారముతో బ్రతికినవారము. తాకట్టు సంగతి మనకంటె నెవరికి తెలియును? రాబడి గలవాడు తాకట్టు పెట్టిన వస్తువు తిరిగి వచ్చును. రాబడి లేనివాడు తాకట్టు పెట్టుట యనగా అమ్ముటయే. నడుమ కొంతకాలము వడ్డీ కట్టుటయే భేదము. ఐదు నెలలలో 27,000 రూపాయలు వడ్డీక్రింద పోయిన పిదప మేము అమ్మితిమి. కొనువాడు రాళ్లు విడదీసి తూచవలెననెను. మావారు ఎడమచేయి చాచి హారమును తీసికొని, పట్టకారు నడిగి, ఒక్కొక్క రాయిని తామే ఊడదీసిరి. రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటలును దుకాణములో నెవరును మాటలాడలేదు. 1,96,000 రూపాయలు వచ్చినవి. అసలు తీర్చగా 16,000 మిగిలినవి.

నేడు బంగారము వెల అప్పటికి మూడింతలు దాటినది. మమ్ము చూచి "అయ్యో, ఉంచుకొనియుండిన!" అని జాలిపడువారు కలరు. లెక్కకు వారి మాట నిజమే. కాని నెలకు 5,400 రూపాయలు ఎచ్చటినుండి తెచ్చి కట్టెడివారమో వారు చెప్పరు. కట్టని వడ్డీ అసలులో చేరును. ఆ యేడు తులములతో మేము కొనినది రాత్రి నిద్ర.

తరువాత మేము దువ్వాడలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో నొక పరిశ్రమయందు పనికి చేరితిమి. నెలకు 7,800 రూపాయలు. ఇంటి ఆడుది గేటు దాటినదని బంధువులలో గుసగుసలు పుట్టినవి. ఆ గుసగుసలు పెట్టినవారెవ్వరును బియ్యము పంపలేదు గనుక మేము పట్టించుకొనలేదు. ఈ ఉద్యోగమువలన జీతముకంటె నొక పెద్దమేలు మాకు తెలియకయే కలిగినది. జీతములోనుండి నూటికి ముప్పావు రూపాయి ఈ.ఎస్.ఐ. చందా కోయుదురు, యజమాని మూడుంబాతిక కలుపును. ఆ చందా మా పేరిటిదే యైనను వైద్యము భర్తకును బిడ్డలకును వర్తించును. మల్కాపురము ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో మావారికి మందులును, చేతికి కాలికి వ్యాయామచికిత్సయు లభించినవి. అంతకుముందు నెలకు మూడువేలు మందులకే పోవుచుండెను. కావున, భర్త పనిచేయలేనపుడు భార్య పనికి పోవలసివచ్చినచో, ఐదువందలు తక్కువైనను ఈ.ఎస్.ఐ. గల పనినే యెంచుకొనవలెనని మా యభిప్రాయము. ఆ కార్డే రెండవ జీతము.

కర్మాగారములలో పనిచేయు సోదరులు ఇచ్చట శ్రద్ధగా వినవలెనని ప్రార్థన. ఈ.ఎస్.ఐ. 1948 నాటి చట్టమున పుట్టినది. 2017 నుండి నెలకు 21,000 రూపాయలవరకు జీతముగలవారికి వర్తించుచున్నది. జబ్బుపడినచో ఏడాదికి 91 దినములవరకు జీతములో నూటికి డెబ్బది వంతు ఇంటికి వచ్చును. రెండేండ్లుగా చందా కట్టినవారికి కొన్ని దీర్ఘవ్యాధులలో నూటికి ఎనుబది చొప్పున రెండేండ్లవరకు రావచ్చును. పక్షవాతము ఆ పట్టికలో కలదు. పనిలో దెబ్బ తగిలినచో కోలుకొనువరకు నూటికి తొంబది. ఈ.ఎస్.ఐ. లేనివారికి నష్టపరిహారపు హక్కు 1923 నాటి చట్టమునుండియు కలదు. ఈ పాతచట్టములు రెండును 2025 నవంబరు 21వ తేదీనుండి సాంఘిక భద్రతా స్మృతిలో చేరినవి. గుత్తదారు పారిపోయినను ప్రధాన యజమాని బాధ్యుడే. అయితే దెబ్బ పనిలో తగిలినదని కాగితము ఉండవలెను. "ఇంట జారిపడితినని చెప్పుము, ఆసుపత్రి ఖర్చు నేను చూచుకొందును" అను మేస్త్రీ మాటకు తలయూపినచో ఆ క్షణముననే హక్కు పోవును. మన కుటుంబములు రెండు అట్లు పోగొట్టుకొనినవి. 2012 జూన్ 13వ తేదీన ఉక్కు కర్మాగారములో ఆక్సిజను పేలుడు సంభవించి 19మంది మరణించినపుడు పత్రికలు, నాయకులు, అధికారులు అందరును వచ్చిరి. ఒంటరిగా నిచ్చెన నుండి పడినవానికొఱకు ఎవ్వరును రారు. వాని కాగితమే వానికి సాక్షి.

దుకాణములో కూర్చుండు మనవంటివారికి ఇవేవియు లేవు. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, కేంద్రప్రభుత్వము పదునెనిమిది వృత్తులవారికి ఐదుశాతము వడ్డీకి అప్పు లిచ్చు పథకమును ప్రారంభించినది. మన దేవుని పేరు పెట్టినందుకు సంతోషమే. అది చేయి ఆడువానికి ఉపకరించును. కుటుంబమున కొక్కరికే నమోదు గనుక ఎవరి పేరు వ్రాయించవలెనో ముందు ఆలోచింపవలెను. భర్త పేరు వ్రాయించిన పిదప భార్యకు ఆ దారి లేదు. ప్రమాదమునకు ఏడాదికి ఇరువదిరూపాయల బీమా బ్యాంకులలో కలదు. శాశ్వతముగా పూర్తి వైకల్యము కలిగినచో రెండులక్షలు ఇచ్చును. జబ్బునకు అది వర్తింపదు. మాకు ఆధారమైనది వికలాంగుల పింఛను. సదరం శిబిరములో నలుబదిశాతమునకు తగ్గని వైకల్యమని వైద్యులు ధ్రువీకరింపవలెను. 2019లో నెలకు 3,000 రూపాయలుండినది, 2024 నుండి 6,000 అయినది. మంచము దిగలేనివారికి 15,000. మావారు ఆ శిబిరమునకు రామని యొక సంవత్సరము మొండికేసిరి. "వికలాంగుడ" నను మాట కాగితముపై చదువుటకు వారికి మనసు రాలేదు. మేము బ్రతిమాలలేదు, కోపపడితిమి. నేడు తలచుకొనిన బ్రతిమాలియుండవలసినది.

రోజువారీ అప్పులవారిని గూర్చి యొక్కమాట. పదివేలకు కాగితము వ్రాయించుకొని తొమ్మిదివేలు చేతికిచ్చి, దినమునకు నూరు చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. "వేయి రూపాయలేగదా" యని తోచును. మొదటి దినమునుండియే అసలు తిరిగి పోవుచుండుటచేత, సరిగా లెక్కించినచో ఆ వడ్డీ ఏడాదికి నూటికి డెబ్బదియైదుకు మించును. దీనిని మాకు లెక్కకట్టి చూపినది మావారే. అప్పటికి వారికి మాట సగమే వచ్చినది. పలకమీద ఎడమచేతితో అంకెలు వేసి చూపిరి.

ఆ పలకవలననే మా యింటిలో నొక మార్పు వచ్చినది. అంతవరకు మేము జీతము తెచ్చి మేమే ఖర్చు పెట్టుచుంటిమి. వారు చుట్టకు పదిరూపాయలు అడుగవలసి వచ్చినపుడెల్ల ఇంట కలహము. కలహము పదిరూపాయలనుగూర్చి కాదని తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టినది. ఆనాటినుండి లెక్కపుస్తకమును వారికే అప్పగించితిమి. జీతమురాగానే వారి చేతిలో పెట్టుదుము. పాలు, కరెంటు, అద్దె, పిల్లల పుస్తకములు వారే విభజించి వ్రాయుదురు. అక్షరములు వంకరగా నుండును, లెక్క వంకర లేదు. పిల్లలను పెద్ద ఫీజుల బడినుండి ప్రభుత్వపు బడికి మార్చవలెనని నిర్ణయించినదియు ఆ పుస్తకమే. మేము ఆ మాట పైకి అనజాలకపోయితిమి. ఇరుగుపొరుగువారు నగ కొనబోవునపుడు నేడు వారికి చూపి పోవుచున్నారు. చేయి పోయినను గీటురాయిపై రంగు చూచు కన్ను పోలేదు.

ఇక సంఘమునకు మా మనవి. మనకు కల్యాణమంటపము కలదు, పందిళ్లు కలవు, శాలువలు కలవు. మావారు పడిపోయినపుడు సంఘ పెద్దలు పండ్లు తెచ్చి పరామర్శించిరి. వారి ప్రేమకు కృతజ్ఞులము. మాకు ఆనాడు కావలసినది మూడు నెలల ఇంటియద్దెయు, కార్డు పట్టుకొని కౌంటరువద్ద మా బదులు సిగ్గుపడకుండ అడుగగల యొక మనిషియు. అప్పుగా నిచ్చినచో మేము తీసికొనియుండము. వేదికపై పిలిచి యిచ్చినచో ఇల్లు విడిచి పోయియుందుము. కావున ఈ మహాసభ భోజనములకు లేచుటకుముందే యొక తీర్మానము చేయవలెనని కోరుచున్నాము. ఈ సంవత్సరము శాలువలకును ఫ్లెక్సీలకును కేటాయించిన సొమ్మును వేరు ఖాతాలో ఉంచవలెను. ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు దానిని చూడవలెను. సాయము పొందినవారి పేర్లు ఏ నివేదికలోను, ఏ సంచికలోను అచ్చువేయరాదు. సొమ్ము ఇంటి ఇల్లాలి చేతికి, రాత్రివేళ, ఇంటికి పోయి ఇయ్యవలెను. ఆసుపత్రికిని సదరం శిబిరమునకును తోడుపోవుటకు చదువుకొన్న యువకులు నలుగురు పేర్లు ఇచ్చినచో అది డబ్బుకంటె ఎక్కువ.

మూడు కుటుంబముల వివరములు వ్రాసి కవరులో ఉంచి కార్యదర్శిగారికి ఇచ్చితిమి. దానిని వేదికపై విప్పవలదని వేడుకొనుచున్నాము. ఆ కుటుంబములలో రెండింటివారు ఈ పందిటిలోనే కూర్చుండియున్నారు.