లైను బతికుందా? – కిరీటి కొంపెల్ల గారి పని

(లంబాలైన్‌లో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

విమానాశ్రయం పక్కనే కాబట్టి విమానం వచ్చినప్పుడల్లా కాస్త ఆగుతాను, మన్నించాలి.

కంప్యూటర్ నెట్‌వర్కులు కట్టిన ఒక ఇంజనీరు గురించి చెప్పమన్నారు. ముందు నా సంగతి ఒకటి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మూడో రోజు. ఒక చిన్న దీవిలో సిగ్నల్ సెట్టు దగ్గర డ్యూటీలో ఉన్నాను. జవాన్లు చీటీల మీద రాసిచ్చిన "క్షేమం" కబుర్లు ఒకదాని వెంట ఒకటి పంపిస్తున్నాను. ప్యానెల్ మీద పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది. ఆరు గంటల తర్వాత తెలిసింది, అవతలికి ఒక్కటీ చేరలేదని! ఆ దీపం చెప్పేది మా సెట్టు బాగుందన్న మాట ఒక్కటే. దారి సంగతి దానికేం తెలుసు? ప్రతి కబురుకీ రసీదు అడగాల్సింది. అడగలేదు, తప్పు నాదే. శ్రీకాకుళం వైపు ఒక హవల్దారు తల్లి, కొడుకు పోయాడనుకుని ఆ రాత్రి ఎలా గడిపిందో తర్వాత ఆయనే చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇక కిరీటి కొంపెల్ల గారు. ఇంటిపేరు మనదే. కాన్పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పిహెచ్.డి. చేశారు. అది అంకెల శాస్త్రం, రహస్య లిపుల మీద. మొదట్లో చేసింది కంప్యూటర్ ఫైళ్ళకు సంబంధించిన పని, ఆ తర్వాత జూనిపర్ కంపెనీలో చేరి నెట్‌వర్కుల్లోకి వచ్చారు.

నేవీ వాళ్ళకు "పింగ్" అంటే చెప్పనక్కర్లేదు, సోనార్ చప్పుడు. ఆ పేరుతోనే 1983లో అమెరికా సైన్యం పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన చిన్న ప్రోగ్రాం రాశారు. అవతలి కంప్యూటర్‌ను పలకరిస్తే "ఉన్నాను" అంటుంది. తర్వాత పెద్ద టెలికం నెట్‌వర్కుల్లో ఎంపీఎల్ఎస్ పద్ధతి వచ్చింది. రైల్వే పార్సిల్ మీద చీటీ అంటించినట్టు ప్రతి ప్యాకెట్‌కూ ఒక లేబుల్ ఉంటుంది. మధ్యలో రూటర్లు అడ్రసు చూడవు, లేబుల్ చూసి ముందుకు తోస్తాయి. చిక్కు ఏమిటంటే, లేబుల్ దారి తెగిపోయినా మామూలు దారి బాగానే ఉంటుంది. పింగ్ కొడితే "అంతా క్షేమం" అని జవాబు. ప్యాకెట్లు మాత్రం ఎక్కడో గల్లంతు. అదిగో, నా పచ్చ దీపమే!

కొంపెల్ల గారు, సిస్కోకు చెందిన జార్జ్ స్వాలో కలిసి దీనికి మందు రాశారు. 2006 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 4379గా వచ్చింది. బజారులో పోటీ కంపెనీలే, అయినా కాగితం దగ్గర ఒకటయ్యారు. ఉపాయం ఇది: అసలు ప్యాకెట్లకున్న లేబులే తగిలించి, వాటి దారినే ప్రశ్నను పంపాలి. దానిమీద అడ్రసు మాత్రం 127తో మొదలయ్యేది వెయ్యాలి. ఆ అడ్రసును ఏ రూటరూ బయటికి పంపదు. కనుక మధ్యలో లేబుల్ ఊడిపోతే ఆ ప్యాకెట్ అడ్డదారిన గమ్యం చేరి, దారి బాగుందని అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్క మజిలీనీ విడిగా అడిగితే ఎక్కడ తెగిందో కూడా దొరుకుతుంది. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా నచ్చింది ఈ అడ్రసు తమాషాయే. 2017లో దీన్నే సవరించి ఆర్ఎఫ్‌సీ 8029గా వేశారు, అందులోనూ ఆయన పేరుంది.

మన దీవులకు 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది, సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకు ముందు అంతా ఉపగ్రహం దయే. ఇప్పుడు పిల్లలు వీడియోలో అమ్మమ్మతో మాట్లాడుతున్నారు. నేను మాత్రం ఇంటికి ఫోన్ చేస్తే, అటువైపు నుంచి "ఆఁ, వినిపిస్తోంది" అనేదాకా సంగతి మొదలుపెట్టను. మా ఆవిడ నవ్వుతుంది.

విమానం దిగుతున్నట్టుంది. సెలవు.