రేడియో పడవకు కొత్త ఇంజను

రేడియో తరంగములతో పడవను నడుపుట నేటి వింత కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, తొట్టినీటిపై అట్టి చిన్నపడవను నడిపి చూపెను. అది బ్యాటరీ పడవ. నేడు మేము ముచ్చటింపబోవునది మిథనాలుతో నడచు చిన్న ఇంజనును గురించి; అందునను దానిని త్రిప్పు మొదటి దినమును గురించి.

కొత్త ఇంజనును చల్లగా, ఇంధనము ధారాళముగా ఇచ్చి అలవాటు చేయవలెనని పెద్దలు చెప్పుదురు. ఇనుప పిస్టను గల పాత ఇంజనులకు అది సరియైన మాటయే. మేమును ఆ మాటనే పట్టుకొని, మా మొదటి ఇంజనును రెండు సీసాల ఇంధనము పొగయై పోవువరకు చల్లగానే త్రిప్పితిమి. ఫలితమేమి? చల్లగా నున్నప్పుడు బాగుగనే అందుకొనెడిది. వేడెక్కి ఆగినదా, ఎంత త్రాడు లాగినను పలికెడిది కాదు. పిస్టను బిగువు పోయినది!

కారణము తరువాత తెలిసినది. నేడు ఇట్టి ఇంజనులు పెక్కింటిలో పిస్టను సిలికాను కలిపిన అల్యూమినియముది. సిలిండరు ఇత్తడిది, లోపల క్రోమియము పూత. ఆ సిలిండరు పైకి పోనుపోను వెంట్రుకవాసి ఇరుకగును. చల్లగా నున్నప్పుడు పిస్టను అచ్చట బిగియును. వేడెక్కిన ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి చోటిచ్చును. అనగా ఆ రెండింటికి పొందిక కుదురునది వేడిలోనే. చల్లగా త్రిప్పినకొలది పిస్టను ఆ ఇరుకున ఒరసికొని అరుగును. పడవలో ఈ ప్రమాదము హెచ్చు. ఏలనన, చెరువునీరు గొట్టము వెంట వచ్చి ఇంజను తలను ఎడతెగక చల్లార్చుచుండును.

కావున ఇప్పుడు మేము ముందుగా జుట్టు ఆరబెట్టు వేడిగాలి సాధనముతో ఇంజనును వెచ్చచేయుదుము. నీటిగొట్టమును కొంత నొక్కి ప్రవాహము తగ్గింతుము. ఇంధనపు సూదిని కొంచెము వదులుగా ఉంతుము. పొగ కనబడవలెను గాని ఇంజను దగ్గరాదు. పడవను నీటిలోనే పట్టుకొందుము; ప్రొపెల్లరు గాలిలో తిరిగినచో ఇంజను హద్దుమీరి పరుగెత్తును. రెండు మూడు నిమిషములు నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనిత్తుము. ఆపగానే పిస్టనును క్రిందికి దింపుదుము. పైననే విడిచినచో చల్లారు సిలిండరు దానిని కరచిపట్టును. ఇట్లు ఏడెనిమిది మార్లు చేసి, మారుమారుకు సూదిని రవంత బిగింతుము. తొందరపడి ఒక్కసారిగా బిగించినచో నూనె చాలక పిస్టను మాడును.

ఇంధనములో ఇంచుమించు అయిదవవంతు నూనె. అందు కొంత ఆముదమున్న మేలు. మన తెలంగాణ మెట్టపొలములలో పండు ఆ ఆముదమే, ఇతర నూనెలు నిలువని వేడిలో పిస్టనును కాపాడును. మిథనాలు మాత్రము విషము. దాని మంట పగటివెలుగున కంటికి ఆనదు. శ్రోతలు పిల్లలను దూరముగా నుంచవలెను.

సాయంకాలమున తొట్టిలో మిగిలిన ఇంధనమును తీసివేసి, ఇంజనులో రెండు చుక్కల నూనె విడుతుము. మిథనాలు గాలిలోని తేమను పీల్చును. ఉక్కు బేరింగులు త్రుప్పు పట్టుటకు ఒక రాత్రి చాలును.