ట్రైనర్‌కూ నిద్ర కావాలి

1998లో ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో కుర్చీ ఉద్యోగాలు పెరిగాయి. వెంటే మెడనొప్పులూ, జిమ్‌లూ వచ్చాయి. ఇక్కడి ట్రైనర్ల పని ఐటీ షిఫ్టుల చుట్టూ తిరుగుతుంది: తెల్లవారుజామున ఒక విడత, రాత్రి మరో విడత. మధ్యాహ్నం ఖాళీయే గానీ, నిద్ర రెండు ముక్కలవుతుంది. క్లయింటుకు ఎనిమిది గంటలు పడుకోమని చెప్పే మనిషే ఆవులిస్తుంటాడు! ప్రతి బ్యాచ్‌లోనూ తానే స్క్వాట్లు చేసి చూపిస్తుంటే మోకాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? నోటితో చెప్పి చేయించడం అలవాటు చేసుకోవాలి. అలా చెప్పడానికి చదువూ కావాలి: యోగా నేర్పేవారికి ఆయుష్ శాఖ పరిధిలో యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి. నన్నడిగితే, కండలకన్నా ఆ చదువే ఎక్కువకాలం అన్నం పెడుతుంది. సొంతంగా క్లాసులు చెప్పుకునేవారికి కాలు బెణికిన వారం రాబడి ఉండదు. కనీసం చికిత్స ఖర్చుకైనా ఆరోగ్య బీమా ముందే తీసుకోండి.