యుద్ధక్రీడా బృందంలో క్రొత్త సభ్యుడు
(ప్రసంగ పాఠం)



కంప్యూటర్ యుద్ధక్రీడలంటే తుపాకి పట్టి కనిపించినవారినల్లా కాల్చడమేనన్న అభిప్రాయం పెద్దలలో ఎక్కువగా ఉన్నది. అటువంటి ఆటలు లేకపోలేదు. అయితే ఈనాటి ప్రసంగ విషయం వాటికి భిన్నమైన ఒక సమాజం. వేర్వేరు నగరాలలో, ఒక్కొక్కప్పుడు వేర్వేరు దేశాలలో ఉన్న ముప్ఫై నలభై మంది ఆటగాళ్లు నిర్ణీత సమయానికి ఆన్‌లైన్‌లో కలుసుకుంటారు. సైన్యంలో వలె దళాలుగా ఏర్పడతారు. ఒక నాయకుని ఆజ్ఞకు లోబడి, ఒక కల్పిత రంగస్థలంలో రెండు మూడు గంటలపాటు ఒకే లక్ష్యం కోసం కృషి చేస్తారు. ఇటువంటి బృందంలో చేరే క్రొత్త సభ్యుడు ఏమి నేర్చుకోవాలి, ఏ విషయాలలో జాగరూకుడై ఉండాలి అన్నవి విచారించదగిన ప్రశ్నలు.

చదరంగం నుండి కంప్యూటర్ దాకా

యుద్ధాన్ని ఆటగా మలచిన తొలి జాతులలో భారతీయులున్నారు. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఆటకూ వచ్చింది. ఏడవ శతాబ్దంలో బాణుడు రచించిన హర్షచరిత్రలో ఈ మాట కనబడుతుంది. ఇది ఇరాన్ చేరి చత్రంగ్ అయింది. అరబ్బుల నోట శత్రంజ్ అయింది. తిరిగి మన దేశానికి వచ్చి హిందీ, ఉర్దూలలో శతరంజ్‌గా స్థిరపడింది. తెలుగువారికది చదరంగం. ఒకే మాట ఎన్ని సరిహద్దులు దాటి ఇల్లు చేరిందో గమనార్హం.

చదరంగంలో ఇరుపక్షాలకూ బల్ల అంతా కనబడుతుంది. నిజమైన యుద్ధంలో కొండ అవతల ఏమున్నదో సేనానికి తెలియదు. ఈ లోపాన్ని తీర్చడానికి 1824లో ప్రష్యా సైనికాధికారి ఫాన్ రైస్విట్జ్ క్రొత్త క్రీడను ప్రవేశపెట్టాడు. అందులో 1:8000 పరిమాణంలో గీసిన పటమే రంగస్థలం. నీలం, ఎరుపు దిమ్మెలు ఇరుపక్షాల సేనలు. ఒక్కొక్క వంతు యుద్ధరంగంలోని రెండు నిమిషాలకు సమానం. ఆటగాళ్లు తమ ఆజ్ఞలను కాగితంపై వ్రాసి మధ్యవర్తికి అందించాలి. ఎవరికి ఏది కనబడుతుందో, ఏ సందేశం ఎప్పుడు చేరుతుందో నిర్ణయించేది మధ్యవర్తియే. ప్రష్యా సైన్యపు ప్రధానాధికారి మ్యుఫ్లింగ్ దీనిని చూసి, ఇది ఆట కాదు, శిక్షణ అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బ్రిటన్‌లోని లివర్‌పూల్ నగరంలో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఆధ్వర్యంలో ఒక శిక్షణ విభాగం ప్రారంభమయింది. అక్కడ గది నేలయే సముద్రం. నావికాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు, వీరిలో పలువురు ఇరవై ఏళ్ల ప్రాయంవారు, నేలపై నౌకలను కదుపుతూ జర్మన్ జలాంతర్గాముల ఎత్తుగడలను పరిశోధించారు. నౌకాధిపతులు తెరల రంధ్రాలలో నుండి చూస్తూ, తమకు కనబడినంత మేరకే నిర్ణయాలు తీసుకునేవారు. సముద్రం మీద ఏళ్ల తరబడి గడిపిన ఆ అధికారులకు తప్పొప్పులు వివరించినది ఓడ నడిపిన అనుభవం లేని ఈ యువతులే. ఈనాడు ఏదైనా బృందంలో ఒక అమ్మాయి గొంతు వినబడగానే పరిహాసమాడే కుర్రవాడు ఈ చరిత్రను తెలుసుకోవడం అవసరం.

కంప్యూటర్ వచ్చిన తరువాత మధ్యవర్తి చేసే పనిలో పెద్ద భాగాన్ని యంత్రం తీసుకుంది. చెక్ దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2001లో ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ను, 2013లో ‘ఆర్మా 3’ను వెలువరించింది. ఇటువంటి ఆటలలో మైదానం కిలోమీటర్ల కొలది విస్తరించి ఉంటుంది. ఒక్క గుండు తగిలినా ఆటగాడు కూలవచ్చు. తోడు లేకుండా ముందుకు సాగడం కష్టం. సహకారంపై ఆధారపడే బృందాలు వీటి చుట్టూ ఏర్పడడానికి ఇదే ప్రధాన కారణం.

ప్రవేశం, తొలి వారాలు

ఇటువంటి బృందాలలో చేరే పద్ధతి ఇంచుమించు అంతటా ఒక్కటే. మొదట దరఖాస్తు, తరువాత చిన్న ముఖాముఖి, ఆపైన ప్రాథమిక శిక్షణ. క్రొత్త సభ్యుడు ముందుగా బృందపు నియమావళిని ఆసాంతం చదవాలి. కనీస వయస్సు ఎంత, వారంలో ఏ రోజున ఆడతారు, రాలేనప్పుడు ఎవరికి తెలియజేయాలి మొదలైనవి అందులో ఉంటాయి. వేళ విషయం ప్రత్యేకంగా చూసుకోవాలి. వేసవిలో లండన్‌లో రాత్రి ఎనిమిది గంటలైతే మన దేశంలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఐరోపా బృందంలో చేరిన విద్యార్థి మరునాడు తరగతిలో నిద్రపోవలసి వస్తే ఆ చేరిక నిష్ప్రయోజనం. తన వేళలకు సరిపడే బృందాన్ని ఎన్నుకోవడమే వివేకం.

చేరిన వెంటనే విమాన చోదకుడు కావాలనీ, దళనాయకత్వం వహించాలనీ కోరుకోవడం సర్వసాధారణం. అనుభవం గల బృందాలు క్రొత్తవారికి సామాన్య సిపాయి పాత్రనే ఇస్తాయి. ఇందులో చిన్నచూపు ఏమీ లేదు. సాధారణంగా నలుగురితో ఒక చిన్న జట్టు ఉంటుంది. ఆ నలుగురూ నాలుగు దిక్కులను కనిపెట్టి ఉంటారు. తూర్పు దిక్కు చూడవలసినవాడు ఆసక్తి కొద్దీ పడమటికి తిరిగితే తూర్పు నుండి వచ్చే అపాయం నలుగురినీ దెబ్బతీస్తుంది. తనకు అప్పగించిన దిక్కును విడువకుండా చూడడం చాలా తేలికగా తోచే పని. అరగంటసేపు అటువైపు ఏమీ జరగనప్పుడు అదెంత కష్టమో తెలుస్తుంది. తరువాత క్రమంగా వైద్యుని పాత్ర, రేడియో నిర్వాహకుని పాత్ర నేర్చుకోవచ్చు.

రేడియోలో మాట్లాడడం వేరొక విద్య. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడితే ఇద్దరి మాటా వినబడదు. అందుచేత మొదట ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు, తరువాత తన పేరు, ఆపైన విషయం చెప్పడం ఆచారం. ‘అక్కడ, ఆ చెట్టు దగ్గర’ అంటే ఎవరికీ అర్థం కాదు. దిక్కు, దూరం, కనబడిన వస్తువు ఈ మూడూ చెప్పాలి. ఆంగ్లాక్షరాలలో బి, డి, పి, టి వంటివి ధ్వనిలో దగ్గరగా ఉండడం వల్ల పొరపాట్లు జరుగుతాయి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే పదమాల ఇందుకే ఏర్పడి 1956 నుండి అంతర్జాతీయంగా వాడుకలో ఉన్నది.

ఆట ముగిసిన తరువాత జరిగే సమీక్షకు తప్పక కూర్చోవాలి. ఏమి అనుకున్నాము, ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, మరొకసారి ఎలా చేయాలి అన్న వరుసలో చర్చ సాగుతుంది. నాయకుడు తన ప్రణాళికలోని దోషాన్ని అందరి ఎదుట చెప్పుకునే బృందంలో క్రొత్త సభ్యునికి నేర్చుకునే అవకాశం ఎక్కువ. ఓటమికి బాధ్యతనంతా క్రొత్తవారిపై మోపే బృందాన్ని విడిచిపెట్టడంలో తప్పు లేదు.

భాషల కూడలి

భారతీయ ఆటగాళ్ల బృందంలో తెలుగు, తమిళం, వంగ, మరాఠీ, అస్సామీ మాతృభాషలుగా గలవారు కలిసి ఉండడం సాధారణం. హిందీ, ఆంగ్లం కలిసిన మాట అక్కడ వాడుక అవుతుంది. హిందీ అంతగా రాని తెలుగు విద్యార్థి తొలి రోజులలో మౌనంగా ఉండిపోతాడు. ఆ మౌనాన్ని ఇతరులు అహంకారమనో, అసమర్థత అనో పొరబడతారు. దీనికి రెండువైపుల నుండి పరిష్కారం ఉన్నది. క్రొత్త సభ్యుడు ‘మళ్ళీ చెప్పండి’ అని అడగడానికి వెనుదీయరాదు. అర్థం కాని ఆజ్ఞకు సరేననడం ఆటలోనైనా ప్రమాదకరమే. పాతవారు ఆజ్ఞలకు ముప్ఫై నలభై మాటలు ముందే నిర్ణయించి, వాటిని మార్చకుండా వాడాలి. ఆగుము, కదులుము, కాల్పులు ఆపుము వంటి మాటలు ఏ భాషలో ఉన్నా, అందరికీ ఒకే అర్థం ఇచ్చేవి కావాలి.

మన సైన్యం ఈ సమస్యను ఎన్నడో ఎదుర్కొన్నది. 1909లో ‘ఫౌజీ అఖ్‌బార్’గా ప్రారంభమైన సైనిక పత్రిక స్వాతంత్ర్యానంతరం ‘సైనిక్ సమాచార్’ అయి, తెలుగు సహా పదమూడు భాషలలో వెలువడింది. అందరూ కలిసి పనిచేయడానికి ఒక ఉమ్మడి భాష అవసరమే. సిపాయి ఇంటి భాషకు గల గౌరవం దానివల్ల తగ్గనక్కరలేదు. క్రీడా బృందాలకూ ఈ నీతి వర్తిస్తుంది. సహచరుని యాసను వెక్కిరించే చోట కలిసికట్టుగా పోరాడడం అసాధ్యం.

మూడు జాగ్రత్తలు

మొదటిది రహస్య పరిరక్షణ. ‘వార్ థండర్’ అనే ఆటకు సంబంధించిన చర్చలో 2021లో ఒక ఆటగాడు బ్రిటిష్ చాలెంజర్ 2 ట్యాంకు వివరాలు గల అధికారిక పత్రం భాగాలను బయటపెట్టాడు. ఆటలోని ట్యాంకు అసలుదాని వలె లేదని వాదించి నెగ్గడమే అతని ఉద్దేశం. 2023లో అమెరికాలో ఇరవై ఒక్క ఏళ్ల వైమానిక దళ ఉద్యోగి డిస్కార్డ్ వేదికపై తన చిన్న మిత్రబృందంలో రక్షణ రహస్యాలను పెట్టాడు. అవి ఆ బృందాన్ని దాటి ప్రపంచమంతటా వ్యాపించాయి. 2024 నవంబరులో అతనికి పదిహేనేళ్ల కారాగార శిక్ష పడింది. మిత్రుల మెప్పు కోసం చేసిన పని ఫలితమిది. మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం అమలులో ఉన్నది. ఇంట్లో సైనికులున్న విద్యార్థి వారి విధిస్థలం, సెలవు తేదీలు, ప్రయాణ మార్గాలు ఎవరికీ చెప్పరాదు. తన అసలు పేరు, ఫోను నంబరు, చిరునామా కూడా అంతే గోప్యంగా ఉంచుకోవాలి.

రెండవది సత్యం. ‘ఆర్మా 3’ దృశ్యాలను నిజమైన యుద్ధ దృశ్యాలుగా ప్రచారం చేయడం ఎంత పెరిగిందంటే, 2022 నవంబరులో నిర్మాణ సంస్థయే ప్రకటన చేయవలసి వచ్చింది. మసక దృశ్యం, వణికే కెమెరా, చీకటి, శబ్దం లేకపోవడం, పొగ ధూళి అసహజంగా లేవడం అనుమానించదగిన గుర్తులని అది వివరించింది. 2025 మే నెలలో భారత, పాకిస్తాన్‌ల మధ్య సాయుధ ఘర్షణ జరిగిన రోజులలో ఆటల దృశ్యాలు మళ్ళీ యుద్ధ వార్తలుగా తిరిగాయి. పత్రికా సమాచార కార్యాలయపు నిజ నిర్ధారణ విభాగం ఖండనలు ఇవ్వవలసి వచ్చింది. సరిహద్దు గ్రామాల ప్రజలు ప్రాణభయంతో ఉన్న వేళ అటువంటి దృశ్యం చేసే హాని అంతింత కాదు. ఆట తెలిసినవాడు దానిని చూసిన వెంటనే గుర్తించగలడు. ఇది ఆట దృశ్యమని ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి చెప్పడం అతని పౌరధర్మం.

మూడవది సంయమనం. ఆసియా సర్వర్లలో భారతీయుని ప్రక్కన పాకిస్తానీయో, బంగ్లాదేశీయుడో, నేపాలీయో ఆడుతూ ఉండవచ్చు. ఆటలో ఎర్రపక్షం, నీలిపక్షం అన్నవి ఆ రెండు గంటలకే పరిమితం. స్వదేశాభిమానం తిట్లతో వ్యక్తం కానక్కరలేదు. ద్వేషాన్ని నూరిపోసేవారు, ఏకాంతంగా మాట్లాడదామని పిలిచేవారు, డబ్బు అడిగేవారు ఎదురైతే నిర్వాహకులకు, ఇంటి పెద్దలకు తెలియజేయాలి. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల చట్టం ఇ-క్రీడలను ప్రోత్సహిస్తూనే, డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిందని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఆటకు హద్దు

ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన ‘శతరంజ్ కే ఖిలాడీ’ కథ హిందీ పాఠకులకు సుపరిచితం. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రంగా తీశారు. కథాకాలం 1856, ఆంగ్లేయులు అవధ్ రాజ్యాన్ని కబళించిన సంవత్సరం. లక్నోలోని ఇద్దరు జాగీర్దార్లు రాజ్యం పోతున్నా పట్టించుకోక చదరంగంలో మునిగి ఉంటారు. నవాబు బందీ అయినప్పుడు కదలని ఆ ఇద్దరూ చివరకు ఆట విషయమై కత్తులు దూసి ప్రాణాలు విడుస్తారు. వారిలో శౌర్యం లేకపోలేదని రచయిత స్పష్టం చేశాడు. ఆ శౌర్యం నిజమైన ప్రపంచానికి అక్కరకు రాకుండా బల్ల మీదనే వ్యయమైపోయింది.

కంప్యూటర్ యుద్ధక్రీడలో సంపాదించిన హోదా ఆ బృందం గడప దాటితే చెల్లదు. నేర్చుకున్న గుణాలు మాత్రం చెల్లుతాయి: వేళకు రావడం, అప్పగించిన దిక్కును విడువకపోవడం, స్పష్టంగా మాట్లాడడం, తప్పును సమీక్షించుకోవడం, పరభాషీయుని మాటకు చెవి ఒగ్గడం. సైనిక జీవితంపై నిజమైన ఆసక్తి గల విద్యార్థికి నేషనల్ కాడెట్ కోర్ ఉన్నది. 1948లో శాసనం ద్వారా ఏర్పడిన ఆ సంస్థ నినాదం ఏకత, అనుశాసనం. అక్కడి కవాతు మైదానంలో ఎండ నిజం, అలసట నిజం, ప్రక్కన నడిచే మిత్రుడు నిజం. అధ్యాపకులు, తల్లిదండ్రులు ఆటను పూర్తిగా నిషేధించడానికి ముందు పిల్లవాని ప్రక్కన ఒక సాయంత్రం కూర్చుని, అతడు ఎవరితో ఆడుతున్నాడో, ఏ మాటలు వింటున్నాడో గమనించడం మేలు. మంచి బృందమైతే అతనిని ప్రోత్సహించవచ్చు. కాకపోతే, దానిని విడువమని చెప్పే అర్హత వారికి అప్పుడు పూర్తిగా ఉంటుంది.