ట్యాంకు తీశారు, నీటి సంగతి తేలలేదు



పెట్రోలు బంకు మూతపడింది, భూమిలోని ట్యాంకును పెకలించి లారీలో తరలించారు, గుంత పూడ్చారు, ఇక మన బోరుకు ప్రమాదమేమిటని పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. ట్యాంకు పోయినంత మాత్రాన అది కార్చిన చమురు పోదని చెప్పడానికే మేము ఈనాడు మీ ముందు నిలబడ్డాం.

ఇనుప ట్యాంకు ఏళ్ల తరబడి మట్టిలో ఉంటే తుప్పు పడుతుంది. చిన్న చిల్లు పడినా, పైపుల అతుకు సడలినా చుక్కచుక్కగా కారే పెట్రోలు ఎవరి కంటా పడదు. నీటికన్నా తేలిక గనుక అది భూగర్భజలం మీద తెట్టెలా తేలుతుంది. వేసవిలో నీటిమట్టంతోపాటు దిగి, వానాకాలంలో మళ్లీ పైకి లేచి, మధ్యనున్న మట్టికంతటికీ పూసుకుంటుంది. దానిలోని బెంజీన్ మాత్రం నీటిలో కరిగి నీరు పోయిన దారిన పోతుంది. మన తెలంగాణలో చాలాచోట్ల అడుగున గ్రానైటు రాయి. దాని పగుళ్లలో నీరు ఏ దిక్కుకు పారుతుందో పైనుండి చూసి చెప్పలేం. గట్టిగా తోడే బోరు తనవైపు లాక్కుంటుంది. అది అపార్ట్‌మెంటు బోరు కావచ్చు, వుజూఖానా బోరూ కావచ్చు.

నీటి రంగు, రుచి, వాసన మారాయా అని చూడటం ఫిఖ్‌హ్ మనకు నేర్పిన పద్ధతి. వుజూకు నీరు తగునా కాదా అన్నది ఉలమా తేల్చే విషయం. తాగే నీటిలోని విషం సంగతి వేరు. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమవుతుంది. లీటరు నీటిలో అది 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అమెరికా విధించిన పరిమితి 5. అంతకు ఎన్నో రెట్లు ఉన్నా మన ముక్కు, నాలుక పసిగట్టలేవు. ఇళ్లలో వాడే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలనే అంచనా వేస్తుంది, దీన్ని పట్టదు. కాచితే సరిపోతుందన్న మాటనూ మేము ఒప్పుకోం. ఆవిరైన బెంజీన్ వంటింట్లోనే ఊపిరిలోకి చేరుతుంది.

ఇది ఎంత పెద్ద సంగతో హవాయీ దీవులు చూపాయి. అక్కడి రెడ్ హిల్ కొండ గర్భంలో అమెరికా నౌకాదళం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 20 ఇంధన ట్యాంకులు కట్టింది. ఒక్కొక్కదానిలో సుమారు 4.7 కోట్ల లీటర్లు పడుతుంది. వాటికి దాదాపు 100 అడుగుల దిగువనే తాగునీటి జలాశయం. 2014లో ఒక ట్యాంకు నుండి లక్ష లీటర్ల ఇంధనం కారింది. స్థానిక హవాయీ ప్రజలు, పర్యావరణవాదులు ఎంత మొత్తుకున్నా నౌకాదళం ట్యాంకులను వాడుతూనే వచ్చింది. 2021 నవంబరులో ఇంధనం నేరుగా తాగునీటి బావిలో కలిసింది. ఆ నీటిని వాడుతున్నవారు సుమారు 93,000 మంది. ఆ తరువాతే మూసివేత నిర్ణయం వచ్చింది. ట్యాంకులను ఖాళీ చేశాక కూడా చుట్టూ తవ్విన పరిశీలన బావుల్లో నీటిని పరీక్షిస్తూనే ఉన్నారు. అంతటి దేశానికే ఆ అవసరం తప్పలేదు. మన బస్తీ పక్కన గుంత పూడ్చి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

ఒకసారి పరీక్షించి కాగితం చేతిలో పెడితే అది పరిశీలన కాదు. ప్రవాహపు దిక్కు తెలియాలంటే కనీసం మూడు బావులు కావాలి. వానలకు ముందు, వానల తరువాత, కొన్నేళ్లపాటు నమూనాలు తీయాలి. నమూనాను గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నింపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. సగం నిండిన ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళితే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది, నివేదిక మాత్రం నిక్షేపంగా వస్తుంది! అటువంటి కాగితాన్ని మీరు అంగీకరించవద్దు. బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ అని పేర్లు రాసి మరీ పరీక్ష అడగండి. 2000 సంవత్సరానికి ముందునుండి నడిచిన బంకైతే సీసం పరీక్ష కూడా అడగండి. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు.

ఇది ఎవరి దయాదాక్షిణ్యమో కాదు. కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల సమీపంలో ఒక నూనెల పరిశ్రమ పెట్టబోయినప్పుడు, హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనని 1999లో అదే న్యాయస్థానం పేర్కొంది. ఆ మాట మన దరఖాస్తుల్లో ఉండాలి. రోగం వచ్చిందని రుజువు తెమ్మని బస్తీని అడగడం తలకిందుల న్యాయం.

వక్ఫ్ స్థలాలను బంకులకు లీజుకిచ్చిన ముతవల్లీలకు ఒక మనవి. గడువు తీరినప్పుడు మట్టి, నీటి నివేదిక చూడకుండా స్థలం స్వాధీనం చేసుకోకండి. శుద్ధి ఖర్చు లీజుదారు భరించాలనే షరతును కొత్త ఒప్పందాల్లో రాయించండి. లేకుంటే ఆ భారం చివరకు వక్ఫ్ మీద పడుతుంది.

కాలుష్య నియంత్రణ మండలికి పంపవలసిన సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు ద్వారం వద్ద బల్లపై ఉన్నాయి. ట్యాంకు ఎప్పుడు తీశారు, అప్పుడు మట్టిని పరీక్షించారా, ఫలితాలేవి అన్న మూడు ప్రశ్నలు అందులో ఉన్నాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. మీ బోరు లోతు, బంకు నుండి దాని దూరం కూడా రాసి, ఒక ప్రతి మాకు ఇచ్చి వెళ్లండి.